మైకు లేని కూడిక

శుక్రవారం సాయంత్రం తండ్రీ కొడుకులు కలిసి బయల్దేరతారు. రెండు రాత్రులు అడవి అంచున గుడారంలో పడుకుంటారు. వంట వాళ్లదే, గిన్నెలు తోముకోవడమూ వాళ్లదే. పగలు ఏటి వెంట నడక, రాత్రి చుక్కల కింద వాక్యం. ఆదివారం పొద్దున్నే ఇసుకలో కూర్చుని ఆరాధన చేసుకుని, మాసిన బట్టలతో సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఇలాంటిది కూడా సంఘం తరఫున పెట్టుకోవచ్చని నాకు ఈ మధ్యనే తెలిసిందండీ! తెలిసిన దగ్గర్నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను. మా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి కూడా చెప్పాను. "మంచిదే బాబూ, బట్టలు ఎన్నిచ్చారు?" అన్నాడాయన.

సంగతి ఎలా తెలిసిందంటే, డల్లాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్లో యథాలాపంగా అన్నాడు: "ఈ వారం దొరకనురా, మావాడితో చర్చి క్యాంపుకి పోతున్నా. తండ్రులూ కొడుకులూ మాత్రమే." తండ్రులూ కొడుకులూ మాత్రమే! ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది.

ఎందుకంటే మన సంఘాల్లో లేని కూడికంటూ ఉందా? స్త్రీల సమాజం ఉంది, యౌవనస్థుల కూడిక ఉంది, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది, ఎండాకాలం వస్తే పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) ఉంది, డిసెంబరు వస్తే రాత్రంతా వ్యానెక్కి క్యారల్స్ పాడుకుంటూ తిరగడం ఉంది. తండ్రినీ కొడుకునీ పక్కపక్కన కూర్చోబెట్టే కూడిక మాత్రం ఒక్కటీ లేదు. ఆదివారం నేనూ మా అబ్బాయీ ఒకే బండి మీద గుడికి వెళతాం. గేటు దాటగానే నేను మగవాళ్ల వైపు కుర్చీల్లోకి, వాడు ముందున్న చాప మీదికి. మళ్లీ కలిసేది ఆశీర్వాదం అయ్యాక, చెప్పుల దగ్గర.

ఇది నిన్న మొన్నటి అమెరికా సరదా కూడా కాదు. తవ్వుతున్నకొద్దీ పాత కథలు బయటపడ్డాయి. 1883లో స్కాట్లాండులోని గ్లాస్గోలో విలియం అలెగ్జాండర్ స్మిత్ అనే సండే స్కూలు మాస్టారు ఉండేవాడు. తరగతిలో మగపిల్లలు కుదురుగా ఉండరు, కాస్త పెద్దయితే రావడమే మానేస్తారు. మన సండే స్కూలు టీచర్లు ఈ రోజుకీ చెప్పుకునే గోడే! ఆయన వాళ్లకి కవాతు, ఆటలు, బైబిలు అన్నీ కలిపి 'బాయ్స్ బ్రిగేడ్' మొదలుపెట్టాడు. 1886లో ఆ కుర్రాళ్లను సముద్రపాయ ఒడ్డుకి తీసుకెళ్లి క్యాంపు పెట్టాడు. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన క్యాంపుతోనే స్కౌటింగు మొదలైందని మనకు తెలుసు. ఆ దీవికి వచ్చిన పిల్లల్లో సగం మంది దాకా ఈ బ్రిగేడు కుర్రాళ్లేనట!

తండ్రుల్ని కూడా లాక్కొచ్చిన ఘనత మాత్రం వైఎంసీఏది. 1926లో సెయింట్ లూయిస్ వైఎంసీఏలో పనిచేసే హెరాల్డ్ కెల్ట్నర్ ఈ పని మొదలుపెట్టాడు. అంతకు ముందు కెనడా అడవుల్లో ఆయనకు దారి చూపించినవాడు జో ఫ్రైడే అనే ఒజిబ్వే జాతి మనిషి. పట్నాల్లో పిల్లల్ని పెంచే భారం తల్లుల మీదే పడేస్తారనీ, తమలో మాత్రం తండ్రే కొడుకుని వెంటబెట్టుకుని అడవి నేర్పుతాడనీ ఆయన చెప్పిన సంగతి కెల్ట్నర్ మనసులో నాటుకుంది. అలా పుట్టింది తండ్రీ కొడుకుల పథకం. అయితే ఏళ్ల తరబడి వాళ్లు ఈకలు పెట్టుకుని, ఆదివాసీ జాతుల పేర్లు పెట్టుకుని వేషాలేశారు. అది ఆ జనానికి అవమానమని తర్వాత్తర్వాత మానుకుని, పథకం పేరు కూడా మార్చుకున్నారు. నేర్చుకున్న విద్య గొప్పది, కట్టిన వేషం చవకబారుది. ఈ ముక్క గిరిజనులుండే మన్యం వైపు బండి తిప్పే ముందు మనమూ గుర్తుంచుకోవలసిందే.

ఇదంతా చదివి బైబిలు తెరిచానా, అక్కడ ఇంకా పెద్ద ఆశ్చర్యం! చిన్నప్పటి నుంచి చదువుతున్న పుస్తకమే. కానీ క్యాంపు కళ్లద్దాలు పెట్టుకుని చదివితే సగం పుస్తకం ఆరుబయటే జరుగుతోంది. లేవీయకాండం 23వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయుల్ని ఏడాదికి ఏడు రోజులు కొమ్మలతో పర్ణశాలలు కట్టుకుని వాటిలో ఉండమంటాడు. ఐగుప్తు నుంచి వచ్చేటప్పుడు పితరులు ఎలా బతికారో తర్వాతి తరాల పిల్లలకు తెలియాలని! గుడారాల పండుగ అంటే మనకు గుంటూరు వైపు హోసన్నా మినిస్ట్రీస్ వాళ్ల మహాసభలూ, వేలాది జనమూ గుర్తొస్తారు. మూలంలో చూస్తే అది ఇంటిల్లిపాదీ ఇల్లొదిలి పందిట్లో పడుకోవడం. నెహెమ్యా 8వ అధ్యాయంలో జనం ఈ పండుగను మళ్లీ చేసుకున్నప్పుడు పర్ణశాలలు ఎక్కడ కట్టారో తెలుసా? మొదట చెప్పిన చోటు ఇళ్ల కప్పుల మీద, అంటే మన డాబాల మీద!

ఇక జెబెదయి. ఈయన మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా? యాకోబు, యోహాను పడవ విడిచి, తండ్రిని విడిచి ప్రభువు వెంట వెళ్లడం గురించి వంద ప్రసంగాలు విన్నాం. ఆ పిలుపు వచ్చేసరికి వాళ్లు చేస్తున్న పనేమిటి? తండ్రితో కలిసి పడవలో కూర్చుని వలలు బాగుచేసుకోవడం. ఆ ముడి వేయడం వాళ్లకి ఎవరు నేర్పారు? గాలివాటం ఎవరు చెప్పారు? జెబెదయి నోట ఒక్క మాట కూడా బైబిల్లో లేదు. ఆయన పడవ ఉంది, ఆయన పక్కన చేతినిండా పనితో ఇద్దరు కొడుకులున్నారు. నాకు ఈ వారాంతపు ఆలోచన మొత్తం ఆ పడవలో దొరికింది. కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టి "ఏరా, ఎలా చదువుతున్నావ్?" అంటే "బానే" అంటాడు. అంతే, కథ సమాప్తం. అదే వాడి చేతికి తాడో, తెడ్డో, ఉల్లిపాయలో ఇచ్చి పక్కన కూర్చోండి, వద్దన్నా ఆపడు.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. మా డాబా మీద జరిగింది. ఒక స్నేహితుడి దగ్గర డోమ్ టెంటు ఎరువు తెచ్చాను. దాన్ని విప్పి నిలబెట్టడానికి మా పదకొండేళ్లవాడూ నేనూ పడ్డ తిప్పలు చూసి మా ఆవిడ మెట్ల మీద కూర్చుని నవ్వింది. ముందు లోపలి గుడ్డ పరవాలి, వంగే రాడ్లు రెండూ ఇంటూ గుర్తులా దోపాలి, నాలుగు మూలలా ఒకేసారి లేపాలి, పైన వాన గుడ్డ కప్పాలి. డాబా మీద మేకులు దిగవు కాబట్టి మూలకో ఇటుక. రాడ్డు వంచుతూ వంచుతూ మావాడు, బడిలో ఒకడు వీణ్ణి రోజూ ఏదో పేరు పెట్టి పిలుస్తున్నాడని చెప్పాడు. మామూలుగా, రాడ్డు వైపు చూస్తూ. ఎన్నాళ్లుగానో నడుస్తున్న సంగతి. నేనూ ఇటుక వైపే చూస్తూ విన్నాను. ఇంకా అడవికి పోనే లేదు, అప్పుడే ఇంత దొరికింది! అందుకే అంటున్నాను, ఈ యాత్ర బండి కదిలినప్పుడు కాదు, సామాను పట్టీ రాయడం మొదలెట్టినప్పుడే మొదలవుతుంది. ఆ పట్టీ తండ్రి రాసేసి కొడుకుని ఎక్కించుకుపోతే సగం రుచి పోయినట్టే. మా పట్టీ వాడి చేతి రాతే. మొదటి వస్తువు కత్తి, రెండోది కత్తి పోతే ఇంకో కత్తి. సబ్బు చిట్టచివర, అదీ వాళ్లమ్మ రాయించింది.

మా సంఘంలోనూ ఇలాంటి క్యాంపు పెట్టాలనుకున్నాక, చోటు విషయంలో మేం పెద్దగా తర్జనభర్జన పడలేదు. మాది రాజమండ్రి. గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు పోతే మారేడుమిల్లి. 'పుష్ప' సినిమా తీసిన అడవులని ఇప్పుడు అందరికీ తెలుసు. 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు పోరాటం నడిచిన మన్యం ఇదేనని పిల్లలకు మనం చెప్పాలి. 2022లో ఈ మన్యంలో ఏర్పడ్డ జిల్లాకి ఆయన పేరే పెట్టారు. ముగ్గురు నలుగురు తండ్రులం కలిసి ముందుగా ఒకసారి చోటు చూసొద్దామని వెళ్లాం. రంపచోడవరం దాటి భూపతిపాలెం జలాశయం కనబడ్డ దగ్గర్నుంచి నేను కారు అద్దం దించి తల బయటే పెట్టాను. అబ్బ, ఆ గాలి! ఎదిగిన పిల్లలున్న మగాళ్లం, ఘాట్ రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా "అదిగో, అదిగో" అని అరిచాం. వెదుళ్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. ఎక్కడో నీళ్ల చప్పుడు వినబడుతుంది, నీళ్లు మాత్రం కనబడవు. జలతరంగిణి జలపాతం పేరు వినడమే గానీ అంత దగ్గరగా రోడ్డు పక్కనే ఉంటుందనుకోలేదు.

అక్కడ స్థానికుల వన సంరక్షణ సమితులూ, అటవీ శాఖా కలిసి నడిపే విడిది ఏర్పాట్లున్నాయి. మా మొదటి నిర్ణయం అక్కడే తీసుకున్నాం: ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయడం లేదు. అనుమతి ఉన్న చోటే బస, అనుమతి ఉన్న చోటే మంట, దారి చూపడానికి ఊరి మనిషే. గుడిసె కొండ మీది పచ్చిక బయళ్లకి తెల్లవారకముందే జీపులో పోవాలని పిల్లలకు ఆశ. అక్కడి ఆంక్షలేమిటో అటవీ శాఖ వాళ్లనడిగి, వాళ్లు సరేనంటేనే.

ఒక ఊరి దగ్గర ఓ కొండరెడ్డి మనిషి వెదురు బొంగు కొడుతున్నాడు. పక్కన ఎనిమిదేళ్ల కొడుకు. బొంగులో చికెన్‌కి ఏ బొంగు పనికొస్తుందో చూపిస్తున్నాడు. ముదురుది పనికిరాదు, లేతగా పచ్చిగా ఉండాలి, అప్పుడే లోపలి తడికి కోడి ఉడుకుతుంది, బొంగు తొందరగా కాలిపోదు. ఒక వైపు కణుపు ఉంచి కోయాలి, మసాలా పట్టించిన ముక్కలు కూరి రెండో వైపు ఆకులతో మూత బిగించాలి. నూనె చుక్క అక్కర్లేదు. పిల్లాడు ఒక బొంగు తట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. తండ్రి ఇంకోటి అందుకున్నాడు. కెనడా అడవిలో జో ఫ్రైడే చెప్పిన సంగతి ఇక్కడ రోజూ జరుగుతోంది, ఏ పథకమూ లేకుండా! మా క్యాంపులో వంట నేర్పే మాస్టారు ఆయనే కావాలని అప్పుడే అనుకున్నాం. అడిగితే ఒప్పుకున్నాడు, కూలీ మాట్లాడుకున్నాం. మా వాళ్లలో ఒకాయన కరపత్రాలు కూడా తెస్తానన్నాడు. వద్దని నేను గట్టిగానే చెప్పాను. వాళ్ల ఊరికి మనం చుట్టపుచూపుగా పోతున్నాం. చుట్టాల్లాగే ఉండి రావాలి.

ఎప్పుడు పోవాలన్నది తేలిక. వానాకాలం వద్దే వద్దు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. పిల్లల్ని నీళ్లలోకి దింపే విషయంలో పంతాలు పనికిరావు. ఎండలు ముదిరితే ఎండుటాకులకి నిప్పు భయం. కాబట్టి నవంబరు, జనవరి మధ్యలో, రెండో శనివారం బడి సెలవు కలిసొచ్చేలా. చలి బాగా ఉంటుంది, రగ్గులు రెండేసి. దోమతెరలు, ఒంటికి రాసుకునే దోమల మందు తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉంది, నిండు చేతుల చొక్కా సాయంత్రం నుంచే తొడగాలి. తిరిగొచ్చాక కొన్ని వారాల్లో ఎవరికి జ్వరమొచ్చినా రక్తపరీక్ష చేయించాలి, ఎక్కడికి వెళ్లొచ్చామో డాక్టరుకు చెప్పాలి. దీన్ని పేర్లిచ్చే ఫారంలోనే అచ్చు వేయించాం.

వీలైతే అమావాస్యకు దగ్గరి వారం. ఇది మావాడి సలహా, చుక్కల కోసం. యోబు గ్రంథంలో దేవుని సృష్టిగా స్వాతి, మృగశీర్షం, కృత్తిక అని చుక్కల పేర్లు వస్తాయి కదా. ఎన్నిసార్లు చదివానో, అవెక్కడుంటాయని ఆకాశం వైపు ఒక్కసారైనా చూడలేదు ఎవరమూ! డిసెంబరు రాత్రి అన్నాలు తిని తూర్పు వైపు తిరిగితే మృగశీర్షం వరసగా మూడు చుక్కలతో లేచి ఉంటుంది, దానికి పైన కృత్తిక చిన్న గుత్తిలా. స్వాతి కోసం మాత్రం తెల్లవారుజామున లేవాలి. యోబు చూసిన చుక్కలే! రాజమండ్రిలో వీధి దీపాల కింద ఇదంతా కథలా వినిపిస్తుంది. మారేడుమిల్లిలో దీపాలార్పి తలెత్తితే చాలు.

అసలు చిక్కు ఆదివారం దగ్గర వచ్చింది. పదిహేను మంది తండ్రులు, కొడుకులతో సహా ఆరాధనకి ఎగనామం పెడతారా అని సంఘ పెద్దలు. న్యాయమే. మా సంఘంలో ప్రభువు బల్ల నెల మొదటి ఆదివారం, మేం పోయేది రెండోది, కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఆరాధన ఏటి ఒడ్డునే చేస్తామన్నాం. "మైకు?" అన్నారొకాయన. మైకు లేదన్నాను. కీబోర్డూ లేదు, ప్యాడ్సూ లేవు. గదినిండా నిశ్శబ్దం. మైకు లేకుండా ప్రార్థన పైకి చేరదేమోనన్నంత కలవరం కొందరి ముఖాల్లో! ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు నాలుగు పట్టుకుపోతాం, గొంతుల్తో పాడుకుంటాం అంటే, ఎనభై దాటిన పెద్దాయన ఒకరు "మా చిన్నప్పుడు అంతేగా" అన్నారు. తీర్మానం నెగ్గింది.

ప్రసంగాలు కూడా పెట్టుకోవడం లేదు. ఇది విని కొందరు నొచ్చుకున్నారు, కానీ ఈ ఒక్క విషయంలో నేను మొండికేశాను. ఉదయం ఒక భాగం చదువుతాం, తండ్రీ కొడుకులు జంటలుగా ఓ అరగంట నడిచొస్తారు, అంతే. శనివారం పొద్దున యోహాను 21: రాత్రంతా వలేసి అలసిపోయిన శిష్యులకి పునరుత్థానుడైన ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టెతో ఫలహారం పెట్టడం. సరిగ్గా ఆ సమయానికి మేమూ నిప్పుల మీద చేపలు కాలుస్తూ ఉంటాం. వాళ్లకు పడినవి 153. మా గేలాలకు ఒకటైనా పడుతుందని నమ్మకం లేదు కాబట్టి చేపలు గోకవరం బజార్లోనే కొనుక్కుపోతున్నాం.

తలలు లెక్కపెట్టే పని పిల్లలకే అప్పజెప్పాం. బండి ఆగిన ప్రతిచోటా, ఎక్కేటప్పుడోసారి, దిగేటప్పుడోసారి. పన్నెండేళ్ల యేసు యెరూషలేములో ఉండిపోతే, గుంపులో ఉన్నాడనుకుని యోసేపు మరియలు ఒక దినమంత దూరం నడిచేశారు. వాళ్లకే తప్పలేదు, మనమెంత? ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఏ పిల్లాడైనా తనతో వచ్చిన పెద్దవాడి పక్కనే పడుకుంటాడు. పరాయి పిల్లాడితో ఏ మగాడూ ఒంటరిగా ఉండకూడదు, ఎంత నమ్మకస్థుడైనా సరే. ఇది రాసినప్పుడు ఒకరిద్దరు ముఖం చిట్లించారు. చిట్లించుకోనివ్వండి.

నన్ను బాగా తికమక పెట్టిన సంగతి, తండ్రి దగ్గర లేని పిల్లలు. మా వైపు గల్ఫుకి వెళ్లని ఇల్లు తక్కువ. ఒకడి తండ్రి కువైట్‌లో డ్రైవరు, ఒకడి తండ్రి కన్నుమూశాడు. 'తండ్రీ కొడుకుల వారాంతం' అని గుడి గోడ మీద కాగితం అంటిస్తే ఈ పిల్లలు దాని ముందు నించుని ఏమనుకుంటారు? మా ఆవిడే దారి చూపింది: "మేనమామలు చచ్చారా?" ఇంకేం! మేనమామ రావచ్చు, తాతయ్య రావచ్చు, బాబాయి రావచ్చు, పెద్దన్నయ్య రావచ్చు. కువైట్ తండ్రి ఆ మాట విని, బావమరిది ఖర్చు కూడా తనే పంపిస్తానన్నాడు. ఇంకో ప్రశ్నకు మాత్రం మా అమ్మాయి ముందు నిలబడి జవాబు చెప్పలేకపోయాను. "మరి నేనూ?" అంది. ఎండలు రాకముందే తండ్రీ కూతుళ్లది కూడా ఉంటుందని చెప్పాను. చెప్పడం కాదు, కాగితం మీద సంతకం పెట్టించుకుంది.

తల్లుల సంగతి వేరే రాయాలి. ముందు "మీరా, వంటా?" అని నవ్వారు. తర్వాత ఆవకాయ సీసాలు, కారప్పొడి, జంతికలు, గోరింటాకు తప్ప అన్నీ మూటలు కట్టడం మొదలెట్టారు. వద్దంటే వినరు. పప్పు పొంగల్ వండడం మాకు నేర్పమని అడిగాం. మా వీధిలో ముగ్గురు తండ్రులు ఒక ఆదివారం మధ్యాహ్నం గరిటె పట్టి నేర్చుకున్నారు, పిల్లలు మార్కులేశారు. అత్యధికం పదికి నాలుగు.

అన్నీ కుదిరాయనుకుని నిన్న పేర్ల పట్టిక తీసుకుని మా పాస్టరు అయ్యగారింటికి వెళ్లాను, ప్రార్థన చేసి మొదలుపెడతారని. ఆయనకు యాభై దాటాయి, ఇద్దరూ ఆడపిల్లలే. అందుకే ఆయన పేరు రాయలేదు. పట్టిక అంతా చదివి, కళ్లజోడు తీసి, కాస్త మొహమాటంగా, "ఇందులో నేను కొడుకుగా రావచ్చాండీ?" అన్నారు. లోపలి గదిలో వాళ్ల నాన్నగారు రేడియో వింటున్నారు, డెబ్బై ఎనిమిదేళ్లాయన. అయ్యగారు గొంతు తగ్గించి, "నా చిన్నప్పుడు నాన్నగారు గేలం వేయడం నేర్పిస్తానన్నారు. పరిచర్యలో ఊళ్లు తిరగడంతో కుదర్లేదు" అన్నారు.

పట్టికలో పేర్లు రాసేశాను. తండ్రి గడిలో తాతగారు, కొడుకు గడిలో అయ్యగారు. పెద్దాయన నేల మీద పడుకోలేరు కాబట్టి మడత మంచం కావాలి. టెంట్లు, రగ్గులు, ఆవకాయ సీసాలతో, సామాను కోసం మాట్లాడిన రెండు జీపులూ ఇప్పటికే నిండిపోయాయి. మూడో జీపు మాట్లాడమని మావాడు పొద్దున్నుంచి నా వెంటపడుతున్నాడు.